పరిచర్య చేసే ప్రాణులు

పల్లెటూరి చెరువులో మిట్టమధ్యాహ్నం వేళ మెడ వరకు మునిగి సేదదీరే గేదెను మనలో చాలామంది చూసే ఉంటారు. దాని వీపు మీద ఒక కాకి వాలుతుంది. కొంతసేపు అటూ ఇటూ నడిచి, నెమ్మదిగా తల వైపు చేరి, చెవి దొప్పలో ముక్కు పెడుతుంది. గేదె కదలదు. కళ్లు అరమోడ్చి, చెవిని కొంచెం వాల్చి, కాకికి పని సులువు చేస్తున్నట్లుగా ఉండిపోతుంది. అదే గేదె ఒడ్డెక్కి నడక సాగించిన తరువాత, ఆ కాకే మళ్లీ వచ్చి తుంటి మీద వాలగానే తోకతో చెళ్లున కొట్టి తరిమివేస్తుంది. ఒకే పక్షి, ఒకే పశువు. ఒక క్షణం ఆదరణ, మరుక్షణం తిరస్కారం. ఈ చిన్న దృశ్యంలోని చిక్కు విప్పడానికి జీవశాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది. ఇప్పటికీ అది పూర్తిగా విడలేదు.

అడవిలో గాని, సముద్రంలో గాని స్వేచ్ఛగా సంచరించే ప్రాణి ఏదీ ఒంటరిది కాదు. దాని చర్మం మీద, చెవులలో, రెక్కల సందులలో, మొప్పల మడతలలో ఎన్నో పరాన్నజీవులు కాపురముంటాయి. పశువులకు గోమార్లు, పక్షులకు పేలు, చేపలకు రొయ్యజాతికి చెందిన అతి సూక్ష్మమైన రక్తపాయులు. ఇవి నెత్తురు పీలుస్తాయి, గాయాలు చేస్తాయి, ఒకరి రోగాన్ని మరొకరికి మోసుకుపోతాయి. మనకు చేతులున్నవి. కోతికి చేతులున్నవి. పిల్లికి నాలుక ఉన్నది. కానీ చేపకు ఏమున్నది? తన మొప్పలో దూరిన పురుగును చేప తానుగా తీసుకోలేదు. ఖడ్గమృగం తన చెవి వెనుక భాగాన్ని గోక్కోలేదు. తన దేహమే తనకు అందని ఇటువంటి ప్రాణులకు మరొక ప్రాణి సహాయం అవసరమవుతుంది. ఆ సహాయం చేసే ప్రాణికి అదే ఆహారం. వేర్వేరు జాతుల జీవులు ఈ విధంగా సన్నిహితంగా కలిసి బతకడాన్ని సహజీవనం అంటున్నాము. ఆ కలయిక ఇరువురికీ లాభసాటి కావచ్చు. ఒకరికి లాభమై, రెండవవారికి లాభనష్టాలు రెండూ లేకపోవచ్చు. ఒకరి లాభం రెండవవారి నష్టమూ కావచ్చు. దూరం నుంచి చూచేవారికి ఈ మూడూ ఒకే రకంగా కనిపిస్తాయి. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

ఈ విషయం గురించి మనకు దొరికే అతి పురాతన కథనాలలో ఒకటి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినది. క్రీస్తు పూర్వం అయిదవ శతాబ్దంలో ఈజిప్టు దేశ విశేషాలు వర్ణిస్తూ ఆయన నైలు నది మొసళ్ల ప్రస్తావన తెచ్చాడు. మొసలి ఒడ్డుకు వచ్చి నోరు తెరుచుకొని పడుకుంటుందనీ, ట్రొకిలస్ అనే చిన్న పక్షి ఆ నోటిలోకి వెళ్లి జలగలను ఏరి తింటుందనీ, అందుకు సంతోషించి మొసలి ఆ పక్షికి ఏ హానీ చేయదనీ ఆయన పేర్కొన్నాడు. ఇంత అందమైన కథను ఎవరు కాదనగలరు? రెండువేల నాలుగువందల సంవత్సరాలుగా అది పుస్తకం నుంచి పుస్తకానికి నడిచి వచ్చింది. పిల్లల పాఠాలలో సైతం మొసలి పళ్ల నడుమ నిలబడిన పిట్ట బొమ్మ నేటికీ కనబడుతుంది. కాని కెమెరాలు వచ్చి, నదీతీరాలలో పరిశోధకులు ఏళ్ల తరబడి కాచుకొని కూర్చున్న ఈ కాలంలో కూడా ఆ దృశ్యానికి నమ్మదగిన ఛాయాచిత్రం ఒక్కటీ లేదు. మొసలి నోరు తెరుచుకొని పడుకోవడం నిజమే. ఒంటి వేడిని తగ్గించుకోవడానికి అది అట్లా చేస్తుంది. ఆ పరిసరాలలో పక్షులు తిరగడమూ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి కుట్టిన దారం మాత్రం మనుషులది కావచ్చు.

మొసలి కథను పక్కన పెడితే, నేల మీద ఇటువంటి పరిచర్యకు ప్రసిద్ధికెక్కిన పక్షి ఆఫ్రికా ఖండంలోని ఆక్స్‌పెకర్. ఎద్దును పొడిచేది అని ఆ పేరుకు అర్థం. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న పచ్చిక బయళ్లలో ఇది నివసిస్తుంది. ముక్కు ఎర్రగా ఉండేది ఒకటి, పసుపుపచ్చగా ఉండి కొన ఎర్రగా ఉండేది మరొకటి, మొత్తం రెండు జాతులు. ఖడ్గమృగం, జిరాఫీ, అడవిదున్న, జీబ్రా మొదలైన పెద్ద జంతువుల ఒంటి మీదనే వీటి జీవితం చాలా వరకు గడిచిపోతుంది. వాడి గోళ్లతో చర్మాన్ని పట్టుకొని, జంతువు పరుగెత్తుతున్నా జారిపోకుండా పొట్ట కింది భాగాన కూడా వేలాడగలవు. గూడులో పరచుకోవడానికి కావలసిన వెంట్రుకలను సైతం ఆ జంతువు నుంచే పీకి తీసుకుపోతాయి. ముక్కును కత్తెర వలె ఆడిస్తూ వెంట్రుకల నడుమ గోమార్లను ఏరుకుంటాయి. ఈ దృశ్యాన్ని చూచిన యాత్రికులందరూ దీనిని స్నేహానికి ఉదాహరణగా చెప్పుకున్నారు. పాఠ్యపుస్తకాలూ అదే మాట చెప్పాయి.

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినవాడు పాల్ వీక్స్ అనే శాస్త్రజ్ఞుడు. జింబాబ్వే దేశంలో ఒక పశుక్షేత్రంలోని ఎద్దులను ఆయన రెండు గుంపులుగా చేశాడు. ఒక గుంపు మీదికి ఆక్స్‌పెకర్లను యథేచ్ఛగా రానిచ్చాడు. రెండవ గుంపు మీద వాలకుండా వాటిని అదే పనిగా తోలివేయించాడు. కొన్ని వారాల తరువాత రెండు గుంపుల ఒంటి మీది గోమార్లను లెక్కించి చూశాడు. పక్షుల సేవ పొందిన ఎద్దుల మీద గోమార్లు తక్కువగా ఉండాలి కదా? చెప్పుకోదగిన తేడా ఏమీ కనబడలేదు. కనబడిన తేడా మరొకటి. పక్షులు వాలిన ఎద్దులకు పుండ్లు ఎక్కువగా ఉన్నాయి, ఉన్న పుండ్లు త్వరగా మానలేదు. ఈ పక్షులకు రక్తం ప్రీతి. గాయం మానుతున్న చోట పొక్కును పెరికి మళ్లీ నెత్తురు పారించి తాగుతున్నాయి. చెవిలోని గులిమిని కూడా తింటున్నాయి. నెత్తురు నిండి ఉబ్బిన గోమారును అవి ఇష్టపడడానికి కారణం కూడా అందులోని రక్తమే కావచ్చు. 2000 సంవత్సరంలో ఈ ఫలితాలు ప్రచురితమైనప్పుడు, ఇంతకాలం వైద్యుడుగా మన్ననలు పొందిన పక్షి ఒక్కసారిగా దొంగ అయి కూర్చున్నది.

ఎద్దు పుండు కాకికి ముద్దు అని మన పెద్దలు అననే అన్నారు. పొలం దున్ని వచ్చిన ఎద్దు మెడ మీద కాడి రాపిడికి పుండు పడితే, ఆ పుండును పొడవడానికి వచ్చే కాకిని రైతు రోజంతా తోలుకుంటూనే ఉంటాడు. అదే కాకి పశువు చెవిలోని పిడుదులను ఏరి పెడుతుందని కూడా ఆ రైతుకు తెలుసు. జింబాబ్వే ఎద్దుల మీద శాస్త్రజ్ఞుడు కొత్తగా నిరూపించిన సంగతి, ఎద్దును సాకిన మనిషికి సామెత రూపంలో ముందే తెలుసునన్నమాట.

అయితే ఆక్స్‌పెకర్ మీద నేరం అంతటితో రుజువైపోలేదు. వీక్స్ పరిశీలించినవి పెంపుడు ఎద్దులు. వన్యమృగాల సంగతి వేరుగా ఉండవచ్చు. ఈ పక్షులు వాలే ఇంపాలా జింకలు తమ ఒంటిని తాము శుభ్రం చేసుకోవడానికి వెచ్చించే సమయం తగ్గినట్లు కొందరు పరిశీలకులు గమనించారు. చర్మం పలుచగా ఉండి నెత్తురు తేలికగా దొరికే జంతువుల కంటె, గోమార్లు ఎక్కువగా ఉన్న జంతువులనే ఈ పక్షులు ఎంచుకుంటున్నాయని 2011లో వెలువడిన మరొక పరిశోధన చెప్పింది. అదీగాక, ఖడ్గమృగం విషయంలో ఇంకొక ప్రయోజనం బయటపడింది. తూర్పు ఆఫ్రికా ప్రజలు స్వాహిలీ భాషలో ఈ పక్షిని ఖడ్గమృగపు కాపలాదారు అనే అర్థంలో అస్కారి వా కిఫారు అంటారు. నల్ల ఖడ్గమృగానికి చూపు మందం. దక్షిణాఫ్రికాలోని హ్లూహ్లువే ఇమ్ఫొలోజీ ఉద్యానంలో ఒక మనిషి దూరం నుంచి నడిచి వస్తూ, ఖడ్గమృగం తనను ఎప్పుడు పసిగడుతుందో కొలిచే ప్రయోగం జరిగింది. పక్షి తోడు లేని ఖడ్గమృగాలు నూటికి 23 సార్లు మాత్రమే మనిషిని పసిగట్టాయి. పక్షి ఉన్నవి ప్రతిసారీ పసిగట్టాయి; అదీ సగటున 61 మీటర్ల దూరంలోనే. పక్షి బుసకొట్టినట్లు అరవగానే మృగం లేచి, తన ముక్కుకు వాసన అందని దిక్కుకు తిరిగి నిలబడుతున్నది. 2020లో వెలువడిన ఈ పరిశీలన చదివిన తరువాత మనకు ఒక అనుమానం రాక మానదు. ఖడ్గమృగం నాలుగు చుక్కల నెత్తురును కాపలా కూలిగా చెల్లించుకుంటున్నదా? వేటగాళ్ల తుపాకులకు బలి అవుతున్న జంతువుకు ఆ బేరం చౌకే మరి. ఏనుగు మాత్రం ఈ బేరానికి ఒప్పుకోదు. ఆక్స్‌పెకర్ వాలితే దులిపివేస్తుంది.

నేల మీది సంగతి ఇంత సందిగ్ధంగా ఉన్నది కనుక, ఇక సముద్రంలోకి వెళ్లి చూద్దాం. పరిచర్యను వృత్తిగా చేసుకొని, ఒకే చోట కొలువు తీరి, వచ్చినవారికెల్లా సేవ చేసే ప్రాణి అక్కడ ఉన్నది. ఎర్ర సముద్రం మొదలుకొని హిందూ మహాసముద్రం మీదుగా పసిఫిక్ మధ్య దీవుల దాకా, మన లక్షద్వీప, అండమాన్ దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలతో సహా, వ్యాపించిన ఒక చిన్న చేప అది. ఆంగ్లంలో దానిని క్లీనర్ రాస్ అంటారు. మన సౌకర్యం కోసం శుద్ధిచేప అందాం. పొడవు జానెడు కూడా ఉండదు. లేత నీలి దేహం మీద ముక్కు నుంచి తోక వరకు ఒక నల్లని చార. ఆ చారే దాని వృత్తికి చిహ్నం, దాని అంగడి పలక.

పగడపు దిబ్బలో ఒక గుర్తుగల మూలను శుద్ధిచేప తన స్థావరంగా చేసుకుంటుంది. దిబ్బలోని చేపలకు ఆ చోటు తెలుసు. అవి వచ్చి, ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిలో నిలబడతాయి. కొన్ని తలకిందులుగా, కొన్ని తల పైకెత్తి, కొన్ని రెక్కలు విప్పి కదలక నిలుస్తాయి. కొన్ని తమ రంగును మార్చుకుంటాయి. రంగు మారితే ఒంటి మీది పురుగు తేటగా కనబడుతుంది కాబోలు. శుద్ధిచేప తోకభాగాన్ని పైకీ కిందికీ ఊపుతూ నాట్యం చేస్తున్నట్లు ఎదురు వస్తుంది. ఇక చూడవలసినది అప్పటి దృశ్యం. చిన్న చేపలను వేటాడి మింగే బొంతచేప పెద్ద గుహ వంటి నోరు తెరుస్తుంది. శుద్ధిచేప నిర్భయంగా ఆ నోటిలోకి ఈదుకుంటూ పోయి, పళ్ల నడుమ వెదికి, మొప్పల గుండా బయటికి వస్తుంది. బొంతచేపకు ఇక వెళ్లాలనిపించినప్పుడు నోటిని సగం మూసి మళ్లీ తెరుస్తుంది. బయటికి రా అని అది ఇచ్చే సంజ్ఞ. హెరొడోటస్ మొసలికి అంటగట్టిన వింత ఇక్కడ, నీటి అడుగున, ప్రతిదినమూ జరుగుతూనే ఉన్నది.

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో లిజర్డ్ ఐలండ్ అనే దీవి ఉన్నది. అక్కడ అలెగ్జాండ్రా గ్రటర్ అనే శాస్త్రజ్ఞురాలు శుద్ధిచేపల దినచర్యను లెక్కగట్టింది. ఒక్కొక్క శుద్ధిచేప రోజుకు సగటున 2,297 సార్లు ఇతర చేపలను తడిమి చూస్తున్నదనీ, 1,218 పరాన్నజీవులను తింటున్నదనీ 1996లో ఆమె ప్రకటించింది. తెల్లవారినది మొదలు పొద్దుగూకే వరకు విరామం లేని కొలువు. ఈ అంకెలను చూస్తే ఇది వినోదం కాదనీ, దిబ్బ మీది జీవితానికి ఒక ఆధారమనీ అర్థమవుతుంది.

అయితే ఆధారమని రుజువు చేయడం అంత తేలికగా జరగలేదు. అమెరికాకు చెందిన కాన్రాడ్ లింబో నీటి అడుగున ఈదుతూ ఈ సేవను దగ్గరగా పరిశీలించిన తొలితరం పరిశోధకులలో ఒకడు. బహామా దీవుల వద్ద రెండు చిన్న దిబ్బల నుంచి శుద్ధి చేసే ప్రాణులన్నింటినీ ఆయన తొలగించి చూశాడు. రెండు వారాలలో చేపలలో చాలా భాగం ఆ దిబ్బలను విడిచి వెళ్లిపోయాయి. మిగిలినవాటికి పుండ్లు పడ్డాయి, రెక్కలు చినిగాయి. ఆ పరిశీలనలు 1961లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వెలువడ్డాయి. వాటిని అచ్చులో చూసుకొనే భాగ్యం ఆయనకు దక్కలేదు. అంతకు ముందు ఏడాదే ఫ్రాన్సులో నీటి అడుగు గుహలో ఈదుతూ ఆయన మరణించాడు. ఆయన ప్రయోగాన్ని 1970ల ప్రాంతంలో హవాయి దీవులలో తిరిగి చేసినప్పుడు అటువంటి మార్పు ఏదీ కనబడలేదు. దానితో చాలామంది శాస్త్రజ్ఞుల మనసు మారింది. శుద్ధిచేప చేసేది సేవ కాదనీ, ఒళ్లు రాపించుకోవడంలోని సుఖానికి ఇతర చేపలు లోబడుతున్నాయనీ, ఆ బలహీనతను శుద్ధిచేప వాడుకుంటున్నదనీ వాదించారు. ఆక్స్‌పెకర్‌కు పట్టిన గతే దీనికీ పట్టినట్లయింది.

గ్రటర్ ఈ వివాదంలోకి సహనంతో దిగింది. శుద్ధిచేపలున్న దిబ్బలలోను, వాటిని తొలగించిన దిబ్బలలోను చేపలను పంజరాలలో ఉంచి, పగలూ రాత్రీ వాటి మీది పురుగులను లెక్కించింది. రక్తం పీల్చే పురుగులు ముఖ్యంగా రాత్రివేళ దాడి చేస్తాయి. పగటి పన్నెండు గంటల కాలంలోనే శుద్ధిచేప వాటిని నాలుగు రెట్లకు పైగా తగ్గిస్తున్నదని 1999లో ఆమె నిరూపించింది. ఎప్పుడో ఒకసారి లెక్కించిన పాత పరిశోధకులకు ఈ రాత్రింబగళ్ల తేడా చిక్కలేదు. తరువాత మరొక ప్రయోగం ఎనిమిదిన్నర సంవత్సరాలు సాగింది. కొన్ని చిన్న దిబ్బల నుంచి శుద్ధిచేపలను తొలగించి, మళ్లీ చేరకుండా అన్నేళ్లూ కాపలా కాశారు. 2011లో ఫలితాలు వెలువడ్డాయి. శుద్ధిచేపలు లేని దిబ్బలలో స్థిరనివాసముండే చేపల సంఖ్య 37 శాతం, వాటిలోని జాతుల సంఖ్య 23 శాతం తగ్గిపోయాయి. జానెడు లేని చేపను తీసివేస్తే ఊరిలో మూడింట ఒక వంతు ఖాళీ అయినట్లు. లింబో చూసినది కల్ల కాదన్నమాట.

ఇంతవరకు చదివినవారు శుద్ధిచేపను పరమ సాధువుగా భావించే ప్రమాదం ఉన్నది. నిజానికి దానికి ఇష్టమైన ఆహారం పురుగు కాదు. చేప ఒంటిని రక్షణగా కప్పి ఉండే జిగురుపొర దానికి పురుగుల కంటె ఎక్కువ రుచి. పురుగును తింటే వచ్చిన చేపకు మేలు, జిగురును కొరికితే కీడు. అంటే ప్రతి సేవలోను శుద్ధిచేపకు వంచన చేయాలనే ఆశ ఉంటుంది. అప్పుడప్పుడు ఆ ఆశకు లొంగి కొరుకుతుంది కూడా. కొరికినప్పుడు సేవ పొందుతున్న చేప ఒళ్లంతా ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. నీటిలో మునిగి చూసే పరిశోధకులు ఆ ఉలికిపాటును లెక్కించి మోసాలను లెక్కకట్టారు. ఇక్కడ మనం అడగవలసిన ప్రశ్న, శుద్ధిచేప ఎందుకు మోసం చేస్తుందని కాదు. మోసం చేయడానికి ఇంత వీలుండగా, ఎక్కువసార్లు ఎందుకు నిజాయితీగా ఉంటుందనేది.

స్విట్జర్లాండుకు చెందిన రెడువాన్ బ్షారీ ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఎర్ర సముద్ర తీరంలో ఈజిప్టుకు చెందిన రాస్ మొహమ్మద్ వద్ద ఎంతో కాలం నీటి అడుగున గడిపాడు. ఆయన కనుగొన్న సంగతులు వింటే మన ఊరి అంగడివీధి గుర్తుకు వస్తుంది. శుద్ధిచేప వద్దకు వచ్చే చేపలు రెండు రకాలు. కొన్ని ఒక చిన్న ప్రదేశాన్ని విడిచి పోలేనివి. వాటికి ఒకే శుద్ధిచేప గతి. మరికొన్ని దూరదూరాలు తిరిగేవి. ఒక చోట నచ్చకపోతే మరొక చోటికి పోగలవు. ఈ రెండు రకాలూ ఒకేసారి వచ్చి నిలిస్తే, శుద్ధిచేప తిరుగుబోతు చేపకే ముందు సేవ చేస్తుంది. ఊళ్లో ఒకే కిరాణా కొట్టు ఉన్నచోట రోజూ వచ్చే పొరుగింటివాణ్ణి నిలబెట్టి, కారు దిగిన బాటసారికి ముందు సరుకు కట్టే వర్తకుని వంటిదే ఇదీ! నిలబెట్టిన పొరుగుచేప పోదు, ఎందుకంటే పోవడానికి దానికి చోటు లేదు. నిలబెడితే బాటసారి వెళ్లిపోతాడు.

అయితే పొరుగుచేప మరీ నిస్సహాయమేమీ కాదు. తనను కొరికితే అది శుద్ధిచేపను వెంటబడి తరుముతుంది. అట్లా తరిమించుకున్న శుద్ధిచేప మరుసటి సారి దాని పట్ల మర్యాదగా ప్రవర్తిస్తుంది. తిరుగుబోతు చేప తరమదు. మళ్లీ రాదు, అంతే. ఇక వేటచేప విషయంలో చెప్పనక్కరలేదు. కొరికితే మింగివేయగల దానిని శుద్ధిచేప కొరకడం బహు అరుదు. ఇవి కాక, తన వంతు కోసం వచ్చే చేప దూరం నుంచే గమనిస్తూ ఉంటుంది. ముందు చేపతో సేవ సజావుగా ముగిస్తే దగ్గరికి వస్తుంది. అది ఉలికిపడి పారిపోతే తానూ పక్కకు తప్పుకుంటుంది. చూచేవారున్నప్పుడు శుద్ధిచేప ఎక్కువ నిజాయితీగా ఉంటుందని కూడా ప్రయోగశాలలో నిరూపించారు. కోపగించిన చేపను మచ్చిక చేసుకోవడానికి శుద్ధిచేప తన కింది రెక్కలతో దాని వీపును మృదువుగా రాయడమూ కద్దు. ఆ స్పర్శ వల్ల చేపలలో ఆందోళన కలిగించే రసాయనం తగ్గుతుందని 2011లో తేలింది. ఒళ్లు రాపించుకోవడంలో సుఖం ఉందన్న పాత వాదం పూర్తిగా తప్పు కాదు. అది సేవకు బదులు కాదు, సేవకు తోడు.

ఇంకొక విశేషం దాని కుటుంబంలో ఉన్నది. శుద్ధిచేపలలో ఒక మగచేప పరిధిలో అనేక ఆడచేపలు నివసిస్తాయి. మగది చనిపోతే ఆడవాటిలో పెద్దది మగచేపగా మారిపోతుంది. మగదీ ఆడదీ కలిసి ఒకే పెద్ద చేపకు సేవ చేసే సందర్భంలో ఆడది జిగురు కొరికితే, చేప కాస్తా వెళ్లిపోయి మగదాని భోజనం కూడా పోతుంది. అప్పుడు మగచేప ఆడదానిని తరిమి దండిస్తుంది. 2010లో దీనిని పళ్లేల సాయంతో పరీక్షించారు. పళ్లెంలో రుచి లేని మేత, రుచికరమైన రొయ్యముక్కలు రెండూ పెట్టి, రొయ్యను ముట్టగానే పళ్లేన్ని లాగివేసేవారు. రొయ్యను ముట్టిన ఆడదాన్ని మగది వెంటాడింది. దండన పొందిన ఆడది తరువాత రొయ్య జోలికి పోవడం తగ్గించింది. మగచేపకు న్యాయబుద్ధి ఉన్నదని మనం మురిసిపోనవసరం లేదు. అది కాపాడుకున్నది తన అన్నాన్ని. అయితే దాని స్వార్థం వల్ల మేలు పొందినది మూడవ ప్రాణి.

నమ్మకం ఉన్నచోట దానిని అరువు తెచ్చుకునే దొంగ కూడా ఉంటాడు. అచ్చం శుద్ధిచేప వలె నీలి ఒళ్లు, నల్లచార, అదే నడక గల మరొక చేప ఆ దిబ్బలలోనే నివసిస్తుంది. నోరు మాత్రం తల కింది భాగాన ఉంటుంది. దీనిని శుద్ధిచేపగా భ్రమించి దగ్గరికి వచ్చి నిలిచిన చేప రెక్కను చటుక్కున కొరికి పారిపోతుంది. వయసు మీరి, అనుభవం గడించిన చేపలు ఈ మారువేషగాణ్ణి పసిగట్టి దూరంగా ఉంటాయి. ఎక్కువగా మోసపోయేవి పసిచేపలు.

1971లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ట్రివర్స్, రక్తసంబంధం లేని ప్రాణుల మధ్య ఉపకారానికి ప్రత్యుపకారం ఎట్లా నిలబడుతుందో వివరిస్తూ ఒక సుప్రసిద్ధ వ్యాసం వ్రాశాడు. అందులో ఆయన తీసుకున్న ఉదాహరణలలో శుద్ధిచేప ఒకటి. పని పూర్తి అయిన తరువాత బొంతచేప ఆ చిన్న చేపను ఎందుకు మింగివేయదు? రేపు మళ్లీ పురుగులు పడతాయి కనుక. రేపు ఉన్నదన్న ఎరుకే ఈనాటి మర్యాదకు మూలం. అక్కడి నుంచి ఆలోచిస్తే నేలకూ నీటికీ ఉన్న తేడా కొంత తెలుస్తుంది. దిబ్బ మీద చేప తాను కోరి వస్తుంది, నచ్చకపోతే పోతుంది. ఎద్దు విషయంలో వచ్చేది పక్షి, ఎంచుకునేది పక్షి. కట్టుకొయ్యకు కట్టిన ఎద్దుకు తోక తప్ప వేరే సాధనం లేదు. గెలాపగోస్ దీవులలోని పెద్ద తాబేళ్లు, చిన్న పిచ్చుక వచ్చి ఎదుట గంతులు వేయగానే నాలుగు కాళ్ల మీద నిటారుగా లేచి, మెడ సాచి కదలక నిలుస్తాయి. అక్కడ అడిగేది పక్షి, ఒప్పుకునేది తాబేలు. ఒప్పుకోకపోతే డొప్పలోకి ముడుచుకోవచ్చు.

ఈ సేవను మనిషి తన వ్యాపారానికి కూడా వాడుకున్నాడు. నార్వే, స్కాట్లాండు తీరాలలో సముద్రపు పంజరాలలో సాల్మన్ చేపలను పెంచుతారు. ఇరుకులో లక్షల చేపలు ఉండడంతో వాటికి పేల వంటి పురుగులు విపరీతంగా పట్టి నష్టం కలిగిస్తాయి. మందులకు పురుగులు లొంగకుండా పోవడంతో, పురుగులను తినే చల్లని సముద్రాల రాస్ చేపలను, లంప్‌ఫిష్ అనే మరొక జాతిని ఆ పంజరాలలో వదలడం మొదలుపెట్టారు. నార్వేలో ఒక్క ఏడాదిలో ఇట్లా వదిలిన చేపల సంఖ్య కోట్లకు చేరింది. వాటిలో చాలా భాగం రోగాలతో, గాయాలతో పంజరంలోనే చనిపోతాయి. ఇక్కడ సేవ చేసే చేపకు స్థావరం లేదు, వచ్చేవారిని ఎంచుకునే హక్కు లేదు, వెళ్లిపోయే దారి లేదు. సేవ చేయించుకునే చేపకూ లేదు. దీనిని సహజీవనమని పిలవడానికి నాకు మనసొప్పదు.

పగడపు దిబ్బలలో సహజంగా సాగే కొలువు కూడా ఇప్పుడు నిశ్చింతగా లేదు. లిజర్డ్ ఐలండ్ ప్రాంతాన్ని 2014, 2015 సంవత్సరాలలో తుపానులు తాకాయి. 2016లో సముద్రజలాలు మితిమీరి వేడెక్కి పగడాలు తెల్లబారి చనిపోయాయి. ఆ తరువాత లెక్కిస్తే అక్కడి శుద్ధిచేపలు దాదాపు 80 శాతం తగ్గిపోయాయి. ఇతర చేపల తగ్గుదల అంత లేదు. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి 2018లో ప్రకటించారు. అక్కడ మిగిలిన శుద్ధిచేపలకు, పూర్వం వాటి జాతి తేలికగా నెగ్గిన పరీక్షలనే మళ్లీ పెట్టారు. రెండు పళ్లేలలో వెంటనే తీసివేయబడే పళ్లేన్ని ముందు ఎంచుకోవడం, అంటే బాటసారికి ముందు సేవ చేయడం, ఒక పరీక్ష. చూచేవారి ఎదుట నిజాయితీ పాటించడం మరొకటి. అవి రెండింటిలోనూ తప్పిపోయాయి. పోటీ పడే తోటి శుద్ధిచేపలు లేవు, వంతు కోసం నిలిచి గమనించే చేపలు పలుచబడ్డాయి. నేర్చుకోవడానికి గాని, నేర్చినది పనికి రావడానికి గాని అక్కడ సందడి లేదు.

మన లక్షద్వీపాల చుట్టూ ఉన్న దిబ్బలు 1998లో, 2010లో, 2016లో, తిరిగి 2024లో ఇదే విధంగా తెల్లబారాయి. ఆ దిబ్బలలోనూ నల్లచారల శుద్ధిచేపలు తమ మూలలలో కొలువుండి, రాత్రి పట్టిన పురుగులతో తెల్లవారుజామున వచ్చే చేపల కోసం తోక ఊపుతూ ఎదురుచూస్తుంటాయి.